బెల్లం నీళ్లు మరిగిన కంప్యూటరు

కొల్లేరు రెండోసారి కైకలూరు రోడ్డెక్కిన ఏడు జరిగింది ఇది. మొదటి వరద వచ్చి పోయింది. రెండోది వచ్చి కూచుంది. దసరా దాటినా కదల్లేదు. పోయేటప్పుడు గోడకి నా నడుం ఎత్తున బురద చార పెట్టి పోయింది. సున్నం కొట్టినా ఆ చార పైకి తేలుతుంది.

మా అల్లుడు వీరభద్రానికి రోడ్డు పక్కన ఒక గది ఉంది. రొయ్యల ల్యాబు. చెరువుల వాళ్లు బక్కెట్లో నాలుగు రొయ్యలు తెచ్చిస్తే వాటికి జబ్బు ఉందో లేదో చూసి కాగితం ఇవ్వడం పని. మైక్రోస్కోపు దగ్గర కూచునేది మా అమ్మాయి లోవ. ఆ చదువు చదివింది అదే. అల్లుడిది మాట పని. వచ్చినవాణ్ణి కుర్చీలో కూచోబెడతాడు, టీ ఇప్పిస్తాడు, కాగితం మీద స్టాంపు కొడతాడు. నేను బక్కెట్లు కడుగుతాను, గాజు పలకలు కడుగుతాను. నాకు మాటలు తక్కువ. కడిగే పనికి మాటలక్కర్లేదు.

వరదలో లోవ కాపాడిన సామాను రెండే. మైక్రోస్కోపు, కంప్యూటరు. రెంటినీ బీరువా మీదకెక్కించింది. మేమంతా నీళ్లలో నిలబడ్డాం.

కంప్యూటరు ముసలిది. మైక్రోస్కోపు కింద పెట్టినదాన్ని ఫోటో తీసుకుని మచ్చలు లెక్కపెట్టి చెప్పాలి. పొద్దున్న ఇస్తే భోజనాల వేళకి చెప్పేది. దాని ఫ్యాను పిండిమరలా మోగేది. కొత్త ల్యాబుల్లో టీ చల్లారేలోపు కాగితం ఇస్తున్నారు. నీళ్లు దిగాక చెరువుల వాళ్లు మళ్లీ రొయ్య పిల్ల వదిలారు గానీ మా గది మొహం చూడ్డం మానేశారు.

"కొత్తది కొనలేం మావయ్యా. దీన్నే బతికించుకోవాలి" అన్నాడు అల్లుడు.

డబ్బా విప్పాడు. లోపల బల్లి గుడ్లు. బల్లి కూడా ఉంది, ఎండిపోయి రేకుకి అతుక్కుని. చీపురుపుల్లతో గీకి తీశాను. రంగులేసే బ్రష్షుతో వాడు దుమ్ము దులిపాడు. ఏలూరు పోయి, పాత సామాన్లమ్మే రఫీ దగ్గర మెమరీ ముక్కలు తెచ్చాడు, ఎవరి కంప్యూటర్లోంచో పీకినవి. వాటి పళ్లని పెన్సిల్ రబ్బరు పెట్టి రుద్ది తోశాడు. పాత డిస్కు తీసేసి, అరచేతిలో పట్టే డిస్కు బిగించాడు. ఫ్యానుకి కుట్టుమిషను నూనె చుక్క వేశాడు. అన్నీ చవక సామాన్లే. తప్పు పట్టడానికి లేదు, మీట నొక్కగానే చటుక్కున లేచింది. ఫోటో ఇచ్చి మచ్చలు లెక్కపెట్టమనేసరికి మళ్లీ కూలబడింది.

వాడు మళ్లీ ఏలూరు పోయాడు. ఈసారి మూతున్న డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని బస్సు దిగాడు. బల్ల మీద పెట్టి మూత తీశాడు. నేను గుమ్మంలోకి వెళ్లిపోయాను. ఆ వాసన నాకు తెలుసు. రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్డుల వెనక గుంటలో రొయ్య తలకాయలు ఎండకి మురిగితే వచ్చే వాసన.

"తడి కార్డంటారు మావయ్యా. ఇంతకన్నా చవకది లేదు బజార్లో."

ఆకుపచ్చ పలక. పలక మీద ఉప్పునీళ్లు. నీళ్లలో చీమిడిలాంటిదొకటి పలకని కరుచుకుని ఉంది. నేను చూస్తుండగా కదిలింది.

"ఏంటిది?" అన్నాను.

"రొయ్య తలకాయల్లో నరాలు. షెడ్డుల వాళ్లు పారబోసే తలకాయలు కొని, నరాలు లాగి, పలక మీద పెంచుతున్నారంట. ఎవరో కనిపెట్టారు. బొమ్మ చూపిస్తే చూస్తాయి. నేర్పితే నేర్చుకుంటాయి. మన కంప్యూటరు అరపూట చేసే లెక్క చిటికెలో చేస్తాయి."

"బతికుందా?"

"నరాలు మావయ్యా. రొయ్య కాదు."

లోవ వంగి చూసింది. ముక్కు మూసుకోలేదు. "మేత తింటుందా?" అని అడిగింది.

"తింటుంది. చేపపిండి నీళ్లు."

"అయితే బతికున్నట్టే" అంది.

వైర్లు కలిపారు. లోవ తన దగ్గరున్న పాత ఫోటోలు తీసింది. ఒకటి జబ్బు రొయ్యది, ఒకటి మంచి రొయ్యది, కలిపేసి చూపించేది. కార్డు చెప్పిన మాట తెర మీద పడేది. సరిగ్గా చెబితే అల్లుడు సిరంజితో ఒక చుక్క మేత వేసేవాడు. తప్పు చెబితే లేదు. మొదట్లో నోటికొచ్చింది చెప్పింది. పోనుపోను తప్పు తగ్గింది. చివరికి లోవ మైక్రోస్కోపుకి కన్ను ఆనించేలోపు చెప్పడం మొదలెట్టింది, అదీ తప్పు లేకుండా. అల్లుడు రోడ్డు మీదకెళ్లి ఫోన్లు చేసుకున్నాడు. నాకు మాత్రం అన్నంలో కూడా ఆ వాసనే వచ్చేది. మజ్జిగ పోసుకున్నా పోదు.

"నాన్నా, రేపట్నించి అరుగు మీద తిను" అంది లోవ.

గట్టవతల ఊరి రైతు ఒకాయనకి కార్డు జబ్బు ఉందని చెప్పింది. చెరువు చూస్తే అద్దంలా ఉంది. నమ్మలేక నమ్మలేక వల దింపి పట్టేశాడు. మర్నాడు పక్క చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆ కబురు గట్లమ్మట పాకింది. మా గది ముందు బక్కెట్లు వరసగా నిలబడ్డాయి.

అప్పటిదాకా బాగానే ఉంది. దాన్ని పాడుచేసింది వెంకటరత్నం. చెడ్డవాడు కాదు. చెరువు మీద బెంగతో తిండి మానేసి వచ్చాడు. తెర మీద "జబ్బు లేదు" అని పడింది. మనిషి అలాగే కింద కూచుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎంత చల్లని మాట చెప్పిందయ్యా! దీని నోరు తీపి చెయ్యకుండా ఎలా పోతాను?"

ఎదురు కొట్టుకి పరిగెత్తి బెల్లం ముక్క తెచ్చాడు. గ్లాసులో కలిపి చెంచాతో డబ్బాలో పోశాడు. చీమిడి ఒక్కసారి ఒణికింది. అంచుకి పాకి ఆ చెంచా వైపు లేచింది. అందరూ నవ్వారు.

"ఓరి నీ అమ్మా, చప్పరిస్తోంది చూడండ్రా!"

"చెరువుకే బెల్లం వేస్తాం, దీనికి వెయ్యమేంటి?"

ఆ రోజు నుంచి అది ఆనవాయితీ అయిపోయింది. "జబ్బు లేదు" అని వస్తే చెంచాడు బెల్లం నీళ్లు. జబ్బు ఉందని వస్తే మనిషి బక్కెట్టెత్తుకుని పోతాడు, ఆ బాధలో తీపెవడికి గుర్తొస్తుంది? అల్లుడు ఇంకో అడుగు ముందుకేసి, బెల్లం నీళ్ల సీసా, స్టీలు చెంచా తనే పెట్టాడు.

"మేత వేళకి వేస్తున్నాం కదా. మళ్లీ ఇదెందుకు?" అంది లోవ.

"జనానికి సరదా. పోనీలే."

కార్డు మీద చీమిడి ఒళ్లు చేసింది. డబ్బా అంచు దాటి కిందకి జారింది. దానికి తెల్లటి మీసాలు మొలిచాయి. మనిషి లోపలికొస్తే అవి లేచి మనిషి వైపు తిరిగేవి. చీమలు గుమ్మం నుంచి బల్ల దాకా బారు కట్టాయి. కొన్ని అందులో పడి చచ్చేవి. చచ్చినవి కాసేపటికి కనపడేవి కావు. గదిలో ఉన్నంతసేపూ నాకు నోట్లో ఉమ్మి ఊరుతుండేది. అల్లుడు దాని డబ్బాకి కుంకం బొట్టు పెట్టాడు.

పెద్దిరాజు వచ్చింది అప్పుడు.

పెద్దిరాజు పోయిన మా ఆవిడకి తమ్ముడు. బుద్ధి తెలిసినప్పట్నించీ ఇంకొకళ్ల చెరువు గట్టు మీద కాపలా పడుకున్నవాడు. వరద చూసి జడిసి ఒకాయన చెరువొదిలేస్తే, ఉన్నదంతా పెట్టి లీజుకి తీసుకున్నాడు. గట్టు మీద కొత్త పాక వేసి, తలుపు మీద వాడి పేరు రాయించుకున్నాడు. మమ్మల్ని పిలిచి చూపించాడు. "ఇది నిలబడితే నేను రైతుని బావా. పోతే మళ్లీ ఇంకోడి గట్టు మీద దుప్పటి పరుచుకోవడమే" అన్నాడు.

బక్కెట్టు కింద పెట్టి నిలబడ్డాడు.

"పొద్దున్న కొన్ని గట్టు వారకొచ్చి కదలకుండా ఉన్నాయి బావా. మేత మాత్రం తింటున్నాయి. ట్రేలో మిగలట్లేదు. ఇవాళ పట్టేస్తే చిన్న సైజు. లీజు తీరుతుంది, నాకేం మిగలదు. అమావాస్య దాకా ఆగానంటే మళ్లీ పంట వెయ్యగలను. ఆగనా, పట్టనా?"

లోవ ఒక రొయ్య డొప్ప విప్పి పలక మీద పెట్టింది. పెట్టిందో లేదో తెర మీద పడింది. జబ్బు లేదు. పెద్దిరాజు చంటిపిల్లాడిలా నవ్వాడు. లోవ మాత్రం మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యలేదు.

"మావయ్యా, డొప్ప లోపల నాకు మచ్చ కనపడుతోంది. ఇవాళే పట్టెయ్."

"ఏంటే ఆ మాటలు, కస్టమరు ముందు?" అల్లుడు లేచాడు. "మిషను లేదంటుంటే నీకు కనపడుతోందా?"

"కనపడింది చెప్పాను."

"పొద్దుట్నించి నీ కళ్లు నలుపుకుంటున్నావ్. పెద్దిరాజు గారూ, ఇన్నాళ్లలో ఇది ఒక్కటి తప్పు చెప్పిందేమో ఎవర్నైనా అడగండి."

పెద్దిరాజు నా వైపు చూశాడు. "నువ్వేమంటావ్ బావా?"

"లోవ మాట విను" అన్నాను.

"కూతురు కదా, ఇంకేమంటావులే!" అని నా భుజం మీద చరిచాడు. "ఏమే లోవా, మావయ్య బాగుపడితే నీకు కుళ్లా? పండక్కి చీర నాది." చెంచా తీసుకుని పోశాడు. ఇంకో చెంచా కూడా పోశాడు. "ఒకటి నాది, ఒకటి నా చెరువుది" అన్నాడు. మీసాలు వాడి వేళ్లని తడిమాయి. వాడు చెయ్యి తియ్యలేదు.

వారం తిరగలేదు. పొద్దున్నే కబురొచ్చింది, వెళ్లాను. దూరం నుంచే కొంగలు కనపడ్డాయి, గట్టు తెల్లగా ఉంది. చెరువు మీద రొయ్యలు తెట్టులా తేలాయి. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఇంకా తిరుగుతున్నాయి, ఆ తెట్టునే అటూ ఇటూ తోస్తున్నాయి. పెద్దిరాజు గట్టు మీద మేత ట్రే పట్టుకుని కూచున్నాడు.

"నిన్న సాయంత్రం కూడా తిన్నాయి బావా. చూడు, ట్రే ఖాళీ."

ట్రే చేతిలోంచి తీసుకున్నాను. ఇద్దరం దిగి వల లాగాం. పట్టుకుంటే జారిపోతున్నాయి, డొప్ప ఊడి చేతిలోకొస్తోంది. గోనెసంచుల్లో నింపాం. కొనుగోలు ఏజెంటు మోటారుసైకిలేసుకుని వచ్చి, దిగకుండానే చూసి, జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని తిరిగిపోయాడు. నీళ్లలో బ్లీచింగు చల్లాం. చెరువంతా ఆసుపత్రి వాసన కొట్టింది. పాక తలుపు మీద పేరు మాత్రం అలాగే ఉంది. దాని వైపు వాడు చూడలేదు.

"లోవ చెప్పింది కదరా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"చెప్పింది" అన్నాడు. "నాకు మిషను మాట బాగుంది."

మధ్యాహ్నం ల్యాబుకొచ్చాను. అల్లుడు భోజనానికి పోయినట్టున్నాడు. లోవ ఒక్కతే ఉంది. సంగతి చెప్పాను.  లోవ లేచి ఉత్త గాజు పలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది, నేను కడిగిందే, ఏమీ లేదు దాని మీద. జబ్బు లేదు, అని పడింది. చేతి గాజు తీసి పెట్టింది. జబ్బు లేదు. కెమెరా వైరు పీకేసింది. తెర నల్లగా అయింది. నల్లటి తెర మీద తెల్లగా పడింది, జబ్బు లేదు. మళ్లీ పడింది. మీసాలన్నీ బెల్లం నీళ్ల సీసా వైపు తిరిగి ఆడుతున్నాయి.

"ఇది రొయ్యల్ని చూట్టం మానేసింది నాన్నా" అంది లోవ. "ఏ మాటకి తీపొస్తుందో ఆ మాట చెబుతోంది. మనమే నేర్పాం. మొదట్లో సరైన మాటకి చుక్క వేశాం. తర్వాత మంచి మాటకి చెంచాడు పోశాం."

లోవ మొహం కడుక్కోడానికి పెరట్లోకి పోయింది. నేను నీళ్లు పట్టుకెళ్లాను.

అల్లుడు వచ్చేసరికి బయట మళ్లీ వరస కట్టారు. లోవ గుమ్మంలో నిలబడి చెప్పేసింది. "ఇది అబద్ధం చెబుతోంది. మా పెద్దిరాజు మావయ్య చెరువు ఇవాళ పోయింది. బక్కెట్లు ఇలా ఇవ్వండి, నేను కళ్లతో చూసి చెబుతాను. ఆలస్యమవుతుంది, ఆగండి."

ఎవరూ ఇవ్వలేదు.

"నువ్వు చూస్తే ఉందంటావేమో!" అన్నాడు వెంకటరత్నం.

"ఉంటే ఉందంటాను."

"అందుకే వద్దంటున్నా. అబద్ధమైతే అయ్యింది లేమ్మా, ఇంటికెళ్లి నాలుగు మెతుకులు తింటాను. మిషను మీదే వేయించు."

కొనుగోలు ఏజెంటు కూడా వరసలో ఉన్నాడు. పొద్దున పెద్దిరాజు గట్టు మీద చూసిన వాడే. వాడికి రొయ్యలతో పన్లేదు, కాగితంతో పని. జబ్బు లేదన్న కాగితం ఉంటే కంపెనీ లారీ ఎక్కించుకుంటుంది. అల్లుణ్ణి పక్కకి పిలిచాడు. నేను బక్కెట్టు కడుగుతున్నాను, నన్ను మనిషి కింద లెక్కెయ్యలేదు.

"సెంటర్లో నా కొట్టు ఖాళీగా ఉంది. ఆ డబ్బా పట్టుకుని వచ్చెయ్. మీ ఆవిడని ఇక్కడే అద్దాల్లోకి చూసుకోనీ."

అల్లుడు లోపలికొచ్చాడు. లోవ వైపు చూడకుండా వైర్లు చుట్టడం మొదలెట్టాడు.

"నీకు తెలుసు కదయ్యా" అంది లోవ. "మావయ్య సంగతి విన్నావు కదా."

"విన్నాను. మనం చంపామా వాడి రొయ్యల్ని? జబ్బు చంపింది. జనానికి కావాల్సింది ఇస్తున్నాం. ఈ డొక్కు కంప్యూటర్ని నేను చేతులతో బాగుచేసుకున్నాను. ఇప్పుడు నాలుగు డబ్బులొస్తుంటే నీ కళ్లకి ఆగట్లేదా?"

"ఆ మైక్రోస్కోపు ముట్టుకోకు. అది నాది."

"సాయంత్రం అక్కడికే రా. ఇల్లు కూడా అక్కడే చూస్తాను."

"అది ఉన్న చోట నేనుండను."

వాడు కంప్యూటర్ని, కెమెరాని ఏజెంటు బండికెక్కించి, డబ్బా చంకలో పెట్టుకుని మోటారుసైకిలెక్కాడు. జారి కింద పడకుండా వెంకటరత్నం వెనక కూచుని పట్టుకున్నాడు. దాని చీమిడి వాడి చొక్కాకంతా అంటింది. వాడు తుడుచుకోలేదు. మిగతావాళ్లు బక్కెట్లతో వెనకే నడిచారు. బల్ల మీద గుండ్రంగా తడి మరక, దాని చుట్టూ చీమలు. నేను సోడా వేసి గీకాను. లోవ మెట్ల మీద కూచుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. అన్నం తిననంది. నాకూ తినబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున లేచి పెద్దిరాజు చెరువుకి పోయాను. గోనెసంచి ఒకటి విప్పాను. కళ్లూడి, తెల్లగా ఉడికినట్టున్న రొయ్య ఒకటి తీసి బక్కెట్లో వేసుకుని సెంటర్‌కి నడిచాను. కొట్టు ముందు అప్పటికే బారు. బంతిపూల దండ వేశారు డబ్బాకి. నేను వెనక నిలబడ్డాను. ముందున్నవాడు ముక్కు మూసుకుని తిరిగి చూశాడు. నా వంతు వచ్చింది.

"మావయ్యా, మీరా!" అన్నాడు అల్లుడు.

"చూడు" అని బక్కెట్టు బల్ల మీద పెట్టాను.

వెనక జనం చూస్తున్నారు. పొమ్మనలేకపోయాడు. రెండు వేళ్లతో చిన్న ముక్క లాగి, మైక్రోస్కోపు లేని కెమెరా కింద పలక మీద పెట్టాడు. మీసాలు లేచాయి. జబ్బు లేదు. కాగితం బయటికొచ్చింది. వాడి చెయ్యి స్టాంపు దగ్గర ఆగింది.

"కొట్టు" అన్నాను.

కొట్టాడు. ఒక చేతిలో ఆ రొయ్య, ఒక చేతిలో ఆ కాగితం పట్టుకుని వరస మొదట్నించి చివరి దాకా నడిచాను. ప్రతి మనిషి మొహం ముందూ ఆగాను. చెయ్యి జాపి చూపించాను. రసం నా మోచేతి దాకా కారింది.

"ముసలాయనా, కంపు! అవతలికి పో!"

"చచ్చింది గానీ జబ్బుతో చావలేదంట!" అన్నాడొకడు. వరసంతా నవ్వింది. వెంకటరత్నం కూడా నవ్వాడు. ఏజెంటు అయితే కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఒక్క కాలు వరసలోంచి కదల్లేదు.

చివరాఖర్న ఒకావిడ నిలబడింది. కొత్త మనిషి, ఎర్ర చీర, మోకాళ్ల దాకా చెరువు బురద. నవ్వలేదు. కాగితం చూసింది. రొయ్యని చూసింది. మళ్లీ కాగితం చూసింది.

"ఎవరి చెరువు?"

"మా బావమరిదిది."

"ఈ కాగితం ఎప్పటిది?"

"ఇప్పుడిచ్చిందే."

ఆవిడ కొట్టు వైపు చూసింది. ముందున్న జనాన్ని చూసింది. బక్కెట్టెత్తుకుని వరసలోంచి బయటికొచ్చింది.

"ఇంకెక్కడ చూస్తారు?"

రొయ్యని కాలవ గట్టున పాతిపెట్టి మట్టితో చేతులు రుద్దుకున్నాను. మా ల్యాబు వైపు చూపించాను.

"జబ్బుంటే ఉందనే చెబుతారా?" అంది.

తలూపాను. ఆవిడ చేతిలో బక్కెట్టు అందుకుని ముందు నడిచాను. బరువుగా ఉంది. లోపల రొయ్యలు ఇంకా ఎగురుతున్నాయి.